నైట్ సూపర్‌వైజర్‌గా వేశారు, నాలుగు వార్డులు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వాల్తేరు వాన
గురువారం, సాయంత్రం 6:15

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా విశాఖలోనే స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఎక్కువకాలం మగవాళ్ల మెడికల్ వార్డులోనే గడిచింది. వచ్చే సోమవారం నుంచి నన్ను నైట్ సూపర్‌వైజర్‌గా వేశారు. మెడికల్ రెండు, సర్జికల్ ఒకటి, ఆర్థో ఒకటి. రాత్రి 8 నుంచి పొద్దున్న 8 వరకు.

సంతోషమే, కానీ మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఇన్నాళ్లూ నా రోగులు నా కళ్లెదుట ఉండేవారు. ఎవరి సెలైన్ ఎంతవరకు వచ్చిందో, ఎవరికి జ్వరం తిరగబెట్టిందో నాకు తెలిసేది. ఇకమీద చేసేవాళ్లు వేరు, జవాబు చెప్పాల్సింది నేను. డిగ్రీ చేతికొచ్చి ఏడాది కాని పిల్లలు రాత్రిపూట ముప్పై మందిని చూసుకుంటున్నారు. వాళ్లకి నేను ఎలా ఉపయోగపడాలి?

నేను కొత్తగా చేరినప్పుడు సూపర్‌వైజర్ వస్తున్నారంటే టేబుల్ సర్దేవాళ్లం, రిజిస్టర్లు పూర్తిచేసేవాళ్లం. ఆవిడ సంతకం పెట్టి, జడ సరిగా లేదనో బ్యాడ్జి పెట్టుకోలేదనో ఒక మాట అని వెళ్లిపోయేవారు. ఆవిడ వచ్చి వెళ్లినందువల్ల ఏ రోగికీ ఒరిగిందేమీ ఉండేది కాదు. నేను అలా అవ్వకూడదు. ఎలా ఉండకూడదో తెలుసు, ఎలా ఉండాలో మీరు చెప్పండి.


మోడరేటర్
గురువారం, సాయంత్రం 6:40

మంచి చర్చ. ఒక్క మనవి: ఆసుపత్రుల పేర్లు, రోగులను గుర్తుపట్టే వివరాలు ఎవరూ రాయకండి.


పాత తెల్ల చీర
గురువారం, రాత్రి 8:05

అమ్మా, ముందుగా అభినందనలు. నేను హెడ్ నర్సుగా చేసి రిటైరై ఆరేళ్లయింది. తెల్ల చీర కట్టిన కాలం దగ్గర్నుంచి ఈ ఊళ్లోనే చేశాను.

మొదటి రాత్రి వార్డులోకి వెళ్లగానే రిజిస్టర్ అడక్కు. ఆ పిల్లని పక్కకి పిలిచి ఒక్క మాట అడుగు: "ఈ రాత్రి నీకు ఎవరి మీద బెంగగా ఉంది?" అని. "సీరియస్ కేసులు ఎన్ని?" అనే ప్రశ్న వేరు, ఇది వేరు. సీరియస్ కేసులు కేస్ షీట్ మీద రాసే ఉంటాయి, వాటిని డాక్టర్లూ చూసే ఉంటారు. రాత్రి మనల్ని ముంచేది ఆ జాబితాలో లేని మనిషి. పొద్దున్న బాగానే ఉండి, సాయంత్రం అన్నం వద్దని, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఆ పిల్ల మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది, పైకి చెప్పడానికి ఆధారం దొరకదు. ఆ ఆధారం వెతికిపెట్టడమే నీ పని.

చెప్పిన మంచం దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. చెయ్యి పట్టుకో. వేళ్లు చల్లగా ఉన్నాయా చూడు. ఆ తరువాత ఊపిరి లెక్కపెట్టు. పూర్తిగా ఒక నిమిషం.

ఇది ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఏ వార్డుకైనా వెళ్లి టీపీఆర్ చార్టులు (జ్వరం, నాడి, శ్వాస రాసేవి) తిరగెయ్యి. బీపీ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నాడి ఒక్కోలా ఉంటుంది. శ్వాస మాత్రం మంచం నంబరు 1 నుంచి 30 దాకా అందరికీ 20 ఉంటుంది. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కి వేలికి పెట్టే క్లిప్ ఉంది. ఊపిరికి మాత్రం మన కళ్లూ గడియారమే దిక్కు. అందుకే ఎవరూ లెక్కపెట్టరు. కానీ మనిషి లోపల దెబ్బతింటున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది అదే. బీపీ పడిపోయేదాకా ఆగితే సగం దారి దాటిపోయినట్టే.

లెక్కపెడుతున్నానని రోగికి చెప్పకు, చెబితే మార్చి పీలుస్తాడు. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లు ఛాతీ మీద పెట్టు. అన్నట్టు, మీ వార్డుల్లో గోడ గడియారాలకి సెకన్ల ముల్లు తిరుగుతోందా? ముందు అది చూసుకో.


మూడో బెడ్
గురువారం, రాత్రి 11:30

నేను మీరు చెప్పిన ఆ "ఏడాది కాని పిల్ల"నే. గాజువాక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, రాయడం ఇదే మొదటిసారి.

చేరిన రెండో నెలలో సెలైన్ ఆగిపోతే సీనియర్‌ని పిలిచాను. ఆవిడ వచ్చి, సెలైన్ గొట్టం మీద చుక్కల్ని వదిలి ఆపే చక్రం, అదే రోలర్ క్లాంప్, మూసి ఉందని చూపించి, "ఈ మాత్రానికి పిలిచావా, నాలుగేళ్లు ఏం చదివావు?" అన్నారు. మిగతా స్టాఫ్, అటెండర్లు, రోగుల వాళ్లు అందరూ విన్నారు. ఆ తరువాత నేను ఎవరినీ పిలవడం మానేశాను.

నెల తిరక్కుండా ఒక రాత్రి అరవై కిలోల మనిషి, యూరిన్ బ్యాగులో నాలుగు గంటలకి కలిపి 40 ఎంఎల్. కిలోకి గంటకి అర ఎంఎల్ చొప్పున రావాలని చదువుకున్నాను. అంటే గంటకి 30, నాలుగు గంటలకి 120 రావాలి. తక్కువని తెలిసింది. ట్యూబ్ మడత పడిందేమో చూశాను, పడలేదు. పొట్ట కింద నొక్కి చూశాను, బిగుతుగా లేదు. పిలవాలా వద్దా అని టేబుల్ దగ్గర కూర్చున్నాను. "ఇంకో గంట చూద్దాం" అనుకుంటూ తెల్లారేదాకా గడిపాను. పొద్దున్న రౌండ్స్‌లో చూసి ఐసీయూకి మార్చారు, రెండుసార్లు డయాలసిస్ అయింది. ఆయన బతికి ఇంటికెళ్లారు. అయినా ఆ బ్యాగు నా కళ్లముందు నుంచి పోవట్లేదు. నా తప్పు నాదే. కానీ ఆ రోజు క్లాంప్ దగ్గర ఆవిడ ఇంకోలా మాట్లాడి ఉంటే తరువాత ఆ రాత్రి నేను ఫోన్ ఎత్తేదాన్ని.

అక్కా, మీరు ఎన్ని నేర్పినా సరే, ముందు మిమ్మల్ని పిలవడానికి భయం లేకుండా చెయ్యండి.


వాల్తేరు వాన
గురువారం, రాత్రి 11:52

తల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇది నేను రాసిపెట్టుకుంటున్నాను. చిన్నదానికి పిలిచినా "మంచిపని చేశావు" అనే ముందు అంటాను.


ఐసీయూ 9
శుక్రవారం, పొద్దున్న 7:20

నైట్ దిగి రాస్తున్నాను. అందరూ మంచి మాటలే చెప్పారు, నేను కొంచెం ఎదురు చెబుతాను.

రాత్రి రెండింటికి మనిషి కుప్పకూలుతుంటే "నీకు ఏమనిపిస్తోందమ్మా" అని అడిగే తీరిక ఉండదు. సీనియర్ అంటే చెయ్యి తిరిగిన మనిషి. సిర దొరకనప్పుడు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) వేసేది ఆవిడే, గొంతులో కఫం లాగే సక్షన్ పట్టేది ఆవిడే. మా దగ్గర ఒక సూపర్‌వైజర్ ఉన్నారు, పద్ధతిగా మాట్లాడతారు, కానీ వెంటిలేటర్ అలారం మోగితే వెనక్కి జరుగుతారు. పిల్లలు ఆవిడని ఇష్టపడతారు, అవసరానికి మాత్రం పిలవరు. ముందు మీ చేతిపని పదునుగా ఉంచుకోండి. వార్డు వదిలి సూపర్‌వైజరీకి వెళ్లినవాళ్లలో చాలామందికి రెండేళ్లలో చెయ్యి మొద్దుబారిపోతుంది.


పాత తెల్ల చీర
శుక్రవారం, పొద్దున్న 9:10

ఐసీయూ 9 గారి మాటలో నిజం ఉంది, కాదనను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది చూశారు, ఆదివారం. ఊరంతా చీకటి. సెలైన్ పంపులు బ్యాటరీ అయిపోయి ఒక్కొక్కటీ ఆగిపోతుంటే, టార్చి పట్టుకుని చుక్కలు లెక్కపెట్టి సెలైన్లు నడిపాం. మామూలు సెట్టుకి 20 చుక్కలైతే ఒక ఎంఎల్. గంటకి వంద వెళ్లాలంటే నిమిషానికి 33 చుక్కలు. అప్పటికే పంపు మీద బటన్లు నొక్కడం తప్ప చుక్కలు లెక్కపెట్టడం తెలియని పిల్లలు ఉన్నారు. ఆ రాత్రి వాళ్లకి నేర్పాల్సి వచ్చింది. ఒక మనిషికి చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కాలి, ఆరు సెకన్లకొకసారి. పది నిమిషాలకే చెయ్యి లాగేస్తుంది, తెలియకుండానే నొక్కుడు తగ్గిపోతుంది. ఎవరి తరువాత ఎవరు అని నలుగురికి వంతులు వేసి, గడియారం చూస్తూ మార్చాను. ఆ గంటల్లో నేను బ్యాగు పట్టుకుని కూర్చుంటే మిగతా వార్డుని చూసే దిక్కుండేది కాదు.

కాబట్టి చెయ్యి తిరిగి ఉండాలి, ఆ చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో కూడా తెలియాలి.

క్యాన్యులా సంగతే చెబుతాను. మన ఊరి ఉక్కపోతకి ఏప్రిల్, మే నెలల్లో ప్లాస్టర్ నిలవదు. పొద్దున్న వేసింది సాయంత్రానికి అంచులు లేచిపోయి, సూది గొట్టం లోపలికీ బయటికీ కదులుతుంది. మరుసటి రోజుకి సిర ఎర్రగా తాడులా గట్టిపడుతుంది. ఒక పిల్ల వార్డులో అలా రోజూ మూడు నాలుగు అయ్యేవి. నేను మార్చి వేసి వెళ్లిపోతే ఐదు నిమిషాల పని. అలా చెయ్యకుండా ఆ పిల్ల వేస్తుంటే పక్కన నిలబడి చూశాను. స్పిరిట్ రాసి, ఆరకముందే ప్లాస్టర్ అంటిస్తోంది. తడి చర్మానికి ఏది అంటుతుంది? "స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వు, చెమట ఉంటే గాజుగుడ్డతో అద్దు, మోచేతి మడతలో కాకుండా ముంజేతి మీద చూడు" అన్నాను. మాటలు మూడే. మళ్లీ నన్ను దానికోసం పిలవలేదు.


పీజీ మెడిసిన్
శుక్రవారం, మధ్యాహ్నం 2:45

అటువైపు నుంచి ఒక మాట చెప్పొచ్చా? నేను మెడిసిన్ పీజీని. ముప్పై ఆరు గంటల డ్యూటీలో రాత్రి మూడింటికి ఫోన్ మోగుతుంది. "సర్, 14వ బెడ్ పేషెంట్ బాలేదు సర్." ఏం బాలేదు అంటే "ఆయాసంగా ఉంది సర్." సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, ఎంత? "చూసి చెబుతాను సర్." ఇది నిజంగా రోజూ జరుగుతుంది. అర్ధనిద్రలో "ఆక్సిజన్ పెట్టండి, వస్తాను" అంటాను, వెంటనే లేవలేను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇంకో రాత్రి ఇంకో సిస్టర్: "సర్, మెడికల్ వార్డు నుంచి. 14వ బెడ్, 58 ఏళ్లు, న్యుమోనియాతో నిన్న చేరారు. ఇప్పుడు శ్వాస 26, సాచురేషన్ బయటి ఆక్సిజన్ లేకుండా మామూలు గాలి మీదే 94, నాడి 112, బీపీ పైది 104, జ్వరం 38.4 సెల్సియస్, స్పృహలోనే ఉన్నారు. సాయంత్రం శ్వాస 18 ఉంది. స్కోరు 8 వచ్చింది. ఇన్ఫెక్షన్ ముదురుతోందని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." చెప్పులు వేసుకుంటూనే విన్నాను.

ఆ స్కోరు న్యూస్ స్కోరు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చి, 2017లో సవరించారు. శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ, వీటికి విడివిడిగా అంకెలు వేసి కూడతారు. బయటి ఆక్సిజన్ మీద ఉంటే ఇంకో రెండు కలుపుతారు. మొత్తం 5 లేదా 6 వస్తే డాక్టర్ త్వరగా చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరం. ఒక్కదానికే 3 వచ్చినా వదలకూడదు. పైన చెప్పిన మనిషిని చూడండి, బీపీ, సాచురేషన్ రెండూ పైపైన చూస్తే "పర్లేదు" అనిపిస్తాయి. ఎనిమిదిలో మూడు ఒక్క శ్వాస వల్లే వచ్చాయి. చార్టులో 20 అని రాసేస్తే ఆ మూడూ మాయం. తెల్ల చీర అమ్మగారు చెప్పింది ఎంత పెద్ద విషయమో డాక్టర్లకీ తెలియాలి.


నీలి యూనిఫాం
శుక్రవారం, రాత్రి 9:30

నేను నేవీలో మెడికల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. పీజీ గారు చెప్పిన ఆ రెండో ఫోన్ పద్ధతికి ఎస్‌బీఏఆర్ అని పేరు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక కథ ఏమిటి, నా అంచనా ఏమిటి, ఏం కావాలి. అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో పుట్టి, అక్కణ్నుంచి ఆసుపత్రులకి వచ్చింది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూసినవాళ్లకి ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. అంత ఇరుకులో, నీళ్ల కింద, చిన్నవాడు చూసినది పెద్దవాడికి ఒక్క నిమిషంలో చేరాలి, ర్యాంకు అడ్డం రాకూడదు.

దానికి జతగా ఇంకొకటి: విన్న ఆర్డర్‌ని తిరిగి చెప్పడం. ఫోన్లో డాక్టర్ "ఫిఫ్టీన్" అంటే "ఫిఫ్టీ"గా వినిపించడం ఎన్నిసార్లు చూడలేదు? "ఒకటి, ఐదు, పదిహేను మిల్లీగ్రాములు, అంతేనా సర్?" అని అడిగి, అవునన్నాకే మందు తీయాలి. రాసుకుని, పొద్దున్నే సంతకం తీసుకోవాలి. సీనియర్ ఈ పని తానే చేసి చూపిస్తే పిల్లలకి సిగ్గు పోతుంది.


వాల్తేరు వాన
శుక్రవారం, రాత్రి 10:15

ఆర్డర్ తిరిగి చెప్పడం గురించి అన్నారు కాబట్టి, ఇది చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక చోట. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ ఒకే ట్రేలో ఉండేవి. రెండూ ప్లాస్టిక్‌వే, రెండూ పది ఎంఎల్, రెండిట్లోనూ నీళ్లలాంటి మందే. రాత్రి రెండున్నరకి యాంటీబయాటిక్ కలపడానికి చెయ్యి దేనికి వెళ్లిందో తెలుసా? సిరంజిలోకి లాగేశాక, ఖాళీ ఆంప్యూల్ పారేస్తూ అలవాటుగా పేరు చదివాను. చేతులు వణికిపోయాయి. ఆ ఒక్క ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. మామూలుగా చేతి సిర నుంచి గంటకి పదికి మించి ఇవ్వం, అదీ సెలైన్‌లో పలచన చేసి. నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

మరుసటి రోజు ఇన్‌చార్జికి చెబితే "ఎవరికీ చెప్పకు, నీకే మాట వస్తుంది" అన్నారు. మంచికే అన్నారు. ట్రే మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు నాకు అధికారం వచ్చింది. మొదటి రాత్రే నాలుగు వార్డుల్లోనూ పొటాషియాన్ని ఆ ట్రేలోంచి తీయించి, ఎర్ర స్టిక్కరు వేసి, తాళం ఉన్న అరలో పెట్టిస్తాను. తీసేటప్పుడు ఇద్దరు చదవాలి. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా అంతే.


ఐసీయూ 9
శుక్రవారం, రాత్రి 10:40

ఇది రాసినందుకు మీకు దండం. తృటిలో తప్పినవి రాసే పుస్తకం ఒకటి పెట్టండి. పేరు రాయించకండి. "ఎవరు చేశారు" అనే గడి లేకుండా "ఎలా జరగబోయింది" అని మాత్రమే ఉంచండి. మా దగ్గర పేరు గడి తీసేశాకే పిల్లలు రాయడం మొదలుపెట్టారు.


మన్యం గాలి
శనివారం, పొద్దున్న 6:50

పాడేరు దగ్గర మా ఊరు. ఇప్పుడు నగరంలో ఎమర్జెన్సీలో చేస్తున్నాను. విశాఖ వార్డులంటే సగం మా ఏజెన్సీ వాళ్లే, అందుకని రెండు విషయాలు.

ఒకటి, పాము కాటు. రక్తం గడ్డకడుతోందా లేదా చూసే ఇరవై నిమిషాల పరీక్ష మంచం పక్కనే నర్సు చేసేది. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు ఎంఎల్ రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ఒక కొత్త స్టాఫ్ ప్లాస్టిక్ గొట్టంలో పోసింది. ప్లాస్టిక్‌లో రక్తం గాజులో గడ్డకట్టినట్టు కట్టదు. విషం ఎక్కినట్టు తప్పు ఫలితం వస్తుంది, అక్కర్లేని విషవిరుగుడు ఎక్కిస్తారు, దానికి వచ్చే రియాక్షన్ మళ్లీ ప్రాణం మీదికి. సబ్బుతో కడిగిన గొట్టం కూడా పనికిరాదు. మా సీనియర్ ఏం చేశారంటే, నాలుగు కొత్త గాజు గొట్టాలు, ఒక టైమరు ఒక డబ్బాలో పెట్టి పైన రాసి ఉంచారు. విరుగుడు మొదలుపెట్టే ముందు, రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ సిరంజిలో లాగి పక్కన ఉంటేనే బాటిల్ తగిలించనిస్తారు.

రెండోది మనసుకి తగిలేది. ఒక కువి మాట్లాడే పెద్దాయన కేస్ షీట్‌లో "పిలిస్తే పలకడం లేదు, మగతగా ఉన్నాడు" అని రాశారు. నేను వెళ్లి మా మాటలో "తాతా, నొప్పి ఎక్కడ?" అని అడిగితే కళ్లు తెరిచి చక్కగా చెప్పాడు. ఆయనకి తెలుగు రాదు, అంతే. దీనికి తిరగబడినది కూడా చూశాను. "వీళ్లు మాట్లాడరులే" అనుకుని నిజంగా మగతలోకి జారుతున్న మనిషిని వదిలేశారు. అక్కా, మీ నాలుగు వార్డుల్లో కువి, ఒడియా వచ్చిన నర్సు, ఆయా, వార్డు బాయ్ ఎవరున్నారో పేర్లు రాసి పెట్టుకోండి. రాత్రిపూట వాళ్ల ఫోన్ నంబర్లకి మించిన పరికరం లేదు.


కంచరపాలెం అబ్బాయి
శనివారం, మధ్యాహ్నం 12:20

నేను నర్సుని కాను. మా అమ్మ పోయి రెండేళ్లయింది, రాత్రి మూడు దాటాక, వార్డులోనే. "ఊపిరి సరిగా ఆడతన్నాది కాదురా" అంది, అదే ఆఖరి మాట. డ్యూటీలో ఉన్న అమ్మాయి నాకంటే చిన్నది, తనూ ఏడుస్తోంది. అప్పుడు పెద్ద సిస్టర్ వచ్చారు. ముందు ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెయ్యాల్సింది అంతా చేశావు, ఐదు నిమిషాలు లోపల కూర్చో" అన్నారు. తరువాత నాకు కుర్చీ వేసి, తను కూడా కూర్చుని చెప్పారు. "బాబూ, అమ్మ పోయారు." చుట్టుతిప్పి చెప్పలేదు. అమ్మ చేతికున్న సూది తీసి, ముఖం తుడిచి, జుట్టు సరిచేశాకే నన్ను లోపలికి పిలిచారు. గాజులు తీస్తూ ఒక్కటి కూడా పగలనివ్వలేదు. ఆవిడ పేరు అడగలేదు. ఇక్కడ ఎవరికైనా ఆవిడ తెలిసుంటే ఈ మాట చేరుతుందని రాస్తున్నాను.


పాత తెల్ల చీర
శనివారం, మధ్యాహ్నం 3:00

బాబూ, నీ మాట చేరుతుంది.

వాల్తేరు వాన, చూశావుగా, ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లారు ఆవిడ. మరణం జరిగిన వార్డులో మిగతా ఇరవై తొమ్మిది మందినీ చూడాల్సింది ఆ పిల్లే.

సూదిపోటు సంగతి ఎవరూ రాయలేదు. రోగికి వాడిన సూది రాత్రి తమకే గుచ్చుకుంటే పిల్లలు భయంతో దాస్తారు. సబ్బూ ధారగా పడే నీళ్లతో కడిగించు, పిండనివ్వకు. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలవడం మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ఆ మొదటి డోసు అర్ధరాత్రి మీ ఆసుపత్రిలో ఏ గదిలో, ఎవరి తాళం కింద ఉంటుందో సోమవారం లోపే కనుక్కో.


వాల్తేరు వాన
శనివారం, సాయంత్రం 5:25

కనుక్కుంటాను అమ్మా. ఇంకొక్క సందేహం. ఒక వార్డులో స్టాఫ్ రాకపోతే పక్క వార్డు నుంచి లాగి వేస్తారు, ఆ పక్క వార్డు వాళ్లు నామీద పడతారు. దేన్ని బట్టి నిర్ణయించాలి?


పాత తెల్ల చీర
శనివారం, సాయంత్రం 6:00

తలలు లెక్కపెట్టకు, పని లెక్కపెట్టు. ఆర్థోలో ముప్పై మంది ఉన్నా ఇరవై మంది రాత్రంతా నిద్రపోతారు. మెడికల్‌లో పద్దెనిమిది మందే ఉండి ఐదుగురు స్కోరు 5 దాటినవాళ్లుంటే అక్కడ ఇద్దరు చాలరు. కానీ ఆర్థోలో రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల్సినవాళ్లు ఎందరున్నారో అడక్కుండా అక్కణ్నుంచి మనిషిని తియ్యకు. తిప్పే చెయ్యి లేకపోతే నడుం కింద పుండు పడుతుంది, అది పొద్దున్న కనిపించదు, నాలుగు రోజులకి కనిపిస్తుంది. తీసినప్పుడు ఎందుకు తీశావో ఆ వార్డుకి నువ్వే వెళ్లి చెప్పు, ఫోన్లో చెప్పకు. ఎంతమంది తక్కువ ఉన్నారో ప్రతి రాత్రీ తారీఖు వేసి కాగితం మీద పైకి పంపు. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.


వాల్తేరు వాన
తరువాతి ఆదివారం, పొద్దున్న 10:30

ఆరు రాత్రులు అయ్యాయి. ఏమైందో చెబుతాను.

మొదటి రెండు రాత్రులు నన్ను ఒక్కరూ పిలవలేదు. నేనే తిరిగాను, నేనే అడిగాను. "ఎవరి మీద బెంగగా ఉంది?" అంటే "ఎవరూ లేరు మేడమ్, అంతా స్టేబుల్" అన్నారు. పొటాషియం మార్చాను. ఆడవాళ్ల వార్డులో గోడ గడియారం ఆగిపోయి ఉంది, ఎన్నాళ్లుగానో ఎవరికీ తెలియదు. సెల్ వేయించాను.

నాలుగో రాత్రి మూడు పది అయింది. "అక్కా, చిన్న విషయమే, మీరు పనిలో ఉంటే వద్దులెండి" అని ఫోన్. మేడమ్ నుంచి అక్క అయ్యాను అనుకుంటూనే మెట్లు ఎక్కాను. డెబ్బై ఏళ్ల అమ్మ. బీపీ బాగుంది, జ్వరం లేదు. "ఏటో అవుతన్నాదమ్మా" అని అంటోంది, అంతే. ఆ పిల్లకి చెప్పడానికి అంకె లేదు. "నేను మణికట్టు పట్టుకుంటాను, నువ్వు ఛాతీ చూడు" అన్నాను. ఇద్దరం గడియారం వైపు తిరిగాం. 28.

డాక్టర్‌కి నేను ఫోన్ చేస్తే తొందరగా వస్తారు, అది నాకు తెలుసు. ఫోన్ ఆ పిల్ల చేతికే ఇచ్చాను. చార్టు తెరిచి పక్కన పట్టుకున్నాను, ఎక్కడ ఆగితే అక్కడ వేలు పెట్టి చూపించాను. చివర్లో "మీరు ఇప్పుడే రావాలి సర్" అన్నప్పుడు గొంతు వణికింది, కానీ అంది. ఈసీజీ మిషన్ నేను తెచ్చాను. గుండెపోటు, నొప్పి లేకుండా వచ్చింది, ఆవిడకి షుగర్ ఉంది. ఇప్పుడు గుండె రోగుల్ని చూసే సీసీయూలో ఉన్నారు, నిన్న ఇడ్లీ తిన్నారట.

ఐసీయూ 9 గారూ, ఆ రాత్రే ఇంకో వార్డులో క్యాన్యులా నేనే వేశాను, రెండో గుచ్చులో దొరికింది. చెయ్యి ఇంకా ఉంది.


మూడో బెడ్
ఆదివారం, రాత్రి 11:15

అక్కా, నిన్న రాత్రి మా వార్డులో 31 మంది. అందరికీ నిమిషం నిమిషం లెక్కపెట్టాను, మధ్యలో మందులు ఇస్తూ, దాదాపు గంటన్నర పట్టింది. సరిగ్గా 20 వచ్చింది నలుగురికే. 11వ మంచం తాతకి 26. పిలిచాను.